నాలుగో రకం చెత్త

ముత్యాలపేట మున్సిపల్ కమిషనరు దివాకరం గారు రాజధానిలో శిక్షణ తరగతులకు వెళ్తూ రెండు ఇస్త్రీ చొక్కాలు పట్టుకెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు వాటితోపాటు ఒక ఆలోచన కూడా పట్టుకొచ్చారు. చొక్కాలు మర్నాడే ఉతుక్కి వెళ్ళిపోయాయి. ఆలోచన మాత్రం ఊరి మీద పడింది.

ఆ తరగతుల్లో ఎవరో ఉపన్యాసకుడు తడి చెత్త గురించి, పొడి చెత్త గురించి, ప్రమాదకరమైన చెత్త గురించి చెప్పీ చెప్పీ, భోజనాల వేళకు అందరూ ఆవులిస్తుంటే వాళ్ళను కాస్త నవ్విద్దామని ఒక మాటన్నాడట. మన ఇళ్ళలో కంప్యూటర్లలోనూ బోలెడు చెత్త ఉంటుంది, టెంపరరీ ఫైళ్ళని, అదీ అప్పుడప్పుడూ ఊడ్చుకోవాలి అని. అందరూ నవ్వారు. దివాకరం గారు నవ్వలేదు. రాసుకున్నారు.

ఆ తరవాతి వారానికి ఊళ్ళో గోడలన్నిటి మీదా ఉత్తర్వు అంటించారు. "గృహస్థులందరికీ తెలియజేయునది ఏమనగా, ఇకమీదట చెత్త నాలుగు రకములు. తడి, పొడి, ప్రమాదకర, కంప్యూటరు. గృహములందలి కంప్యూటర్లలో పేరుకొను టెంపరరీ ఫైళ్ళను పెన్‌డ్రైవునందు వేసి ప్రతి ఉదయము చెత్త బండికి అందజేయవలెను. చెత్తను ఇంటివద్ద కాల్చుట ఇదివరకే నేరము. తదనుసారము కంప్యూటరు చెత్తను ఇంటివద్ద డిలీట్ చేయుట కూడ నేరము. నిర్మూలనాధికారము నోటిఫై చేయబడిన డంపింగ్ యార్డునకు మాత్రమే కలదు."

కాల్చడానికీ డిలీట్ చెయ్యడానికీ సంబంధం ఏమిటని ఎవరైనా అడుగుతారేమోనని కింద వివరణ కూడా ఇచ్చారు. కాల్చిన చెత్త పొగై ఎటు పోతుందో తెలియదు, డిలీట్ చేసిన ఫైలు కూడా ఎటు పోతుందో తెలియదు, కనుక రెండూ ఒకటే.

పాత సినిమా హాలు వీధిలో ఉండే హైమావతి ఆ ఉత్తర్వు చదవలేదు. చదివే తీరిక ఆమెకు లేదు. ఆమె ఇంటి ముందు గదిలో ఒక పక్క కంప్యూటరు, ఇంకో పక్క ఎంబ్రాయిడరీ మిషను ఉంటాయి. కంప్యూటరులో డిజైను గీస్తుంది, పెన్‌డ్రైవులో వేసి మిషనుకు తగిలిస్తుంది, మిషను దాన్ని జాకెట్టు గుడ్డ మీద కుడుతుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆ గదిలో కాలు పెట్టే చోటుండదు. ఆమె భర్త గంగరాజు ఆర్టీసీ కండక్టరు. బస్సులో ఎవరికి పడితే వాళ్ళకు సీటు చూపించగలిగిన ఆ మనిషికి సొంతింట్లో కుర్చీ దొరకాలంటే ముందు నాలుగు జాకెట్టు గుడ్డలు తియ్యాలి.

కంప్యూటరు పాతది, ఓపిక తక్కువ. అందుకని ప్రతి శనివారం తలంటుకుని, జుట్టు ఆరేలోపల హైమావతి దాని పని కూడా చూసేది. తెరిచి ఉన్నవన్నీ మూసేసి, టెంపరరీ ఫైళ్ళు చేరే టెంప్ ఫోల్డరు తెరిచి, ముందు ఒకసారి కలయజూసేది. చూడకుండా తుడిచేది కాదు. మధ్యలో కరెంటు పోతే, సగం గీసిన డిజైను నకలు ఆ ఫోల్డరులోనే తలదాచుకుంటుంది. ఒకసారి ఆ సంగతి తెలియక తుడిచేసి, పట్టుచీర అంచు మొత్తం మళ్ళీ గీసుకుంది. కాబట్టి తనకు కావలసింది పక్కకు తీసుకుని, మిగతావన్నీ ఒక్క పట్టున డిలీట్ కొట్టేది. కొన్ని ఫైళ్ళు వాడకంలో ఉన్నాం, పోమని మొండికేస్తాయి. వాటి జోలికి పోకుండా స్కిప్ కొట్టేది. చివర్న కంప్యూటరు చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేది. జుట్టు ఆరేసరికి పని అయిపోయేది. ఈ పనికి ఒక ప్రభుత్వం అవసరమని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

ఉత్తర్వు వచ్చాక మొదటి సోమవారం పొద్దున చెత్త బండి పాట పాడుకుంటూ గుమ్మం ముందు ఆగింది. బండితో వచ్చే పోలమ్మ దిగి, ఆకుపచ్చ బుట్ట, నీలం బుట్ట, ఎర్ర బుట్ట బండిలో గుమ్మరించి, గోడకు అంటించిన గళ్ళ స్టిక్కరుకు ఫోను చూపించింది. ఫోను మూడు టిక్కులు పెట్టి నాలుగోదానికి ఆగిపోయింది.

"కంప్యూటరు చెత్త తెండమ్మగారు," అంది పోలమ్మ, అదేదో కొబ్బరి డొక్కలంత మామూలు వస్తువైనట్టు.

మొన్న శనివారమే తుడిచేశానని హైమావతి చెప్పింది. పోలమ్మ చప్పున చుట్టూ చూసి, ఆ మాట గట్టిగా అనొద్దంది. పక్క వీధిలో కంప్యూటరు సెంటరాయన ఇలాగే తుడిచేశానని చెప్పి ఇప్పుడు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడట. కానీ గొంతు తగ్గించినా ఫోను తగ్గలేదు. నాలుగో టిక్కు పడని ఇల్లు అప్పటికప్పుడు ఆఫీసులో ఎర్రగా కనిపిస్తుంది.

మధ్యాహ్నానికల్లా శానిటరీ ఇన్‌స్పెక్టరు భీమేశ్వరరావు వచ్చాడు. పూర్వం ఆయన మామూలు మనుషుల్లాగే మాట్లాడేవాడు. ఇరవై ఏళ్ళుగా నోటీసులు రాసీ రాసీ ఇప్పుడు మంచినీళ్ళడిగినా నోటీసులాగే అడుగుతాడు.

"గృహస్థాయిలో స్వీయ నిర్మూలనకు పాల్పడినట్టు మాకు సమాచారం అందియున్నది. మొదటి తప్పిదముగా భావించి క్షమించడమైనది. అయితే మీది పరిశ్రమ గల గృహం. మీ గృహమునుండి చెత్త రావలసియున్నది."

"రాకపోతేనండి?"

"రాకపోవడమన్నది దాచుటగా పరిగణించబడును."

ఆ రోజు నుంచి హైమావతి తుడవడం మానేసింది. పోలమ్మ వచ్చినప్పుడల్లా కాసిని టెంపరరీ ఫైళ్ళు పెన్‌డ్రైవులో వేసి ఇచ్చేది. ఇచ్చినవి నకళ్ళు కాబట్టి అసలువి కంప్యూటరులోనే ఉండేవి. వాటిని తీసెయ్యడం నేరం కాబట్టి అలాగే ఉండేవి. పైగా ఇచ్చిన పెన్‌డ్రైవు వెనక్కి రాలేదు.

ఎందుకు రాలేదో వార్డు సమావేశంలో తెలిసింది. పై ఆఫీసుకు పంపే నివేదికలో చెత్త ఎంత సేకరించారో కిలోల్లో రాయాలి. కంప్యూటరు చెత్త బరువు చూడ్డానికి దివాకరం గారు బంగారం కొట్టు నుంచి సన్నకాటా తెప్పించారు. చెత్త నిండిన పెన్‌డ్రైవు తూచారు, ఖాళీ పెన్‌డ్రైవు తూచారు. రెండూ ఒకే బరువు. ఆయన మొహం చిన్నబోయింది.

"ఈ ఊరి ప్రజలు మాకు ఖాళీ పెన్‌డ్రైవులు అంటగడుతున్నారు," అన్నారు ఆయన సభలో నిలబడి. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది.

హైమావతికి ఒళ్ళు మండింది. లేచి నిలబడి, ఫైళ్ళకు బరువుండదండి, ఎన్ని వేసినా అంతే తూగుతుందండి అని మర్యాదగానే చెప్పింది. దివాకరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బరువు లేనిదాన్ని చెత్త అని చట్టం అనదని, చట్టం చెత్త అన్నదానికి బరువు లేకపోవడమన్నది జరగదని, కాబట్టి లోపం ప్రజల్లోనే ఉందని ఆయన తేల్చారు. ఈలోగా నివేదిక ఆగకూడదు కనుక పెన్‌డ్రైవు బరువునే చెత్త బరువుగా రాస్తారట. రాశాక తిరిగిచ్చేస్తే లెక్క తప్పుతుంది కాబట్టి పెన్‌డ్రైవులు తిరిగివ్వరట. ఖాళీవి అంటగట్టే ఇళ్ళను పట్టుకోవడానికి ఇన్‌స్పెక్టరు గారే ఇంటింటికీ వచ్చి, ఆ ఫోల్డరు ఖాళీ అయ్యేదాకా స్వయంగా ఎత్తుకెళ్తారట.

సభ చప్పట్లు కొట్టింది. ఎవరు ముందు మొదలుపెట్టారో తెలియదు గానీ, మొదలయ్యాక ఆగితే బాగుండదని అందరూ కొట్టారు.

వారం తిరిగేసరికి ఊళ్ళో పెన్‌డ్రైవులకు కరువొచ్చింది. గంగరాజు డ్యూటీలో వెళ్ళిన ఊరల్లా అడిగి చూశాడు. ముత్యాలపేట వాళ్ళు ముందే ఊడ్చుకుపోయారని చెప్పారు. సరిగ్గా అప్పుడే హైమావతికి పెన్‌డ్రైవు కావలసొచ్చింది. కావలసింది తనక్కాదు, ప్రసూనకు.

ప్రసూన వీధి చివర ఇడ్లీ బండి పెట్టే రాజ్యం కూతురు. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ హైమావతి గుమ్మంలో కూలబడి, మిషను కింద రాలిన రంగు దారం ముక్కలు ఏరుకునేది. ఆ ముక్కలు చేతికి చుట్టుకుని ఇది నా పెళ్ళి గాజు అనేది. నీ పెళ్ళి జాకెట్టు నాది, బజారు డిజైను కాదు, ఊళ్ళో ఎవరికీ లేనిది వేస్తాను అని హైమావతి ఎప్పుడో మాటిచ్చింది. ఇప్పుడు పెళ్ళి కుదిరింది. గురువారం ముహూర్తం. చీర మామూలు పట్టుచీరే కొన్నారు. రాజ్యానికి అంతకంటే శక్తి లేదు. ఆ పెళ్ళికూతురి ఒంటి మీద ఘనంగా ఉండబోయేది జాకెట్టొక్కటే. నెల రోజులుగా హైమావతి సాయంత్రాలన్నీ దాని మీదే పెట్టింది. వీపు మీద ఎదురెదురుగా రెండు నెమళ్ళు, మధ్యలో విచ్చీ విచ్చని తామర. మాటిచ్చినప్పుడు ఆ పిల్ల మొహం వెలిగిన తీరు ఆమెకు ఇంకా గుర్తుంది. ఈ జాకెట్టు గనక తప్పిపోతే ఇంకెవరి జాకెట్టు కుట్టినా తనకు సంతోషం ఉండదని ఆమెకు తెలుసు.

సోమవారం సాయంత్రం రెండో నెమలి తలకట్టు ఒక్కటి మిగిలిందనగా భద్రపరచబోతే, డ్రైవులో చోటు లేదని కంప్యూటరు చేతులెత్తేసింది. ఆ తోపులాటలో అంతకుముందు భద్రపరిచిన ఫైలు కూడా చెడిపోయింది. తుడవని చెత్తంతా అందులో కొండలా పేరుకుని ఉంది. పెన్‌డ్రైవులో వేద్దామంటే పెన్‌డ్రైవులన్నీ మున్సిపాలిటీ దగ్గరున్నాయి. సాఫ్ట్‌వేరు తనంతట తాను మధ్యమధ్య రాసుకునే చిన్న నకలు మాత్రం టెంప్ ఫోల్డరులో పడుతూనే ఉంది. పోన్లే, అదైనా ఉందని హైమావతి ఊపిరి పీల్చుకుంది. అంతలోనే కరెంటు పోయింది.

కరెంటు మర్నాడు ఉదయం వచ్చింది. కరెంటుతోపాటే భీమేశ్వరరావూ వచ్చాడు. ముందు గదిలోకి వచ్చి, కుర్చీలో జాకెట్టు గుడ్డలు తనే తీసి, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. టెంప్ ఫోల్డరు తెరిచి, అన్నిటినీ ఒక్కసారే పట్టాడు. డిలీట్ కాదు, నకలూ కాదు, కట్. వెంట తెచ్చిన హార్డ్ డిస్కులో పేస్ట్ కొట్టబోతుంటే హైమావతి మౌసు మీద చెయ్యి వేసినంత పని చేసింది.

"అందులో ఒకటి చెత్త కాదండి. పెళ్ళికూతురి జాకెట్టండి అది. ఒక్కటి పక్కన పెట్టుకోనివ్వండి, మిగతాదంతా పట్టుకెళ్ళండి."

భీమేశ్వరరావు తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "సదరు జాకెట్టు ప్రస్తుతము టెంపరరీ ఫోల్డరునందు ఉన్నదా, లేదా?"

"ఉందండి. కాని..."

"ఉన్నయెడల చెత్త. ఏ ఇంటి పెంటలోనైనా ఒక వస్తువు చెత్త కాదని ఆ ఇంటివారే అనుట సహజం," అని పేస్ట్ కొట్టాడు. నెల రోజుల నెమళ్ళు గీత గీతగా అవతలికి వెళ్ళిపోతుంటే హైమావతి చూస్తూ నిలబడిపోయింది. ఏడుపు రాలేదు. కంప్యూటరులో చోటు ఖాళీ అయినట్టు పక్కన అంకె కనిపించినప్పుడు మాత్రం ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి గంగరాజు భయపడ్డాడు.

మళ్ళీ గీసే వ్యవధి లేదు. చీర కొంగు దోపుకుని ఆమె తిన్నగా మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళింది. కంప్యూటరు చెత్త సేకరణ కేంద్రం అని బోర్డు పెట్టిన గది పుట్టిన తేదీ పత్రాలిచ్చే గదే. ఊరి చెత్తంతా ఆ ఒక్క కంప్యూటరులోకే పోస్తున్నారు. పది రోజులుగా అది తెరుచుకోవడమే లేదట. పసిపిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్ళు వరండాలో బారులు తీరి ఉన్నారు. ముత్యాలపేటలో పిల్లలు పుడుతున్నారు గానీ, పుట్టినట్టు కాగితం ఇవ్వడానికి చోటు లేదు.

దివాకరం గారు తన గదిలో తల పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆ సాయంత్రంలోగా ఊళ్ళ పరిశుభ్రత ర్యాంకుల నివేదిక పంపాలి. నివేదిక కూడా అదే కంప్యూటరులో ఉంది. ఆ డబ్బాలో చోటు లేక అది కదలనంటోంది. పనికిరాని ఫైళ్ళు కొన్ని తీసేస్తే పోతుంది కదండీ అని హైమావతి అంది. దివాకరం గారు ఆమెను జాలిగా చూశారు. ఆఫీసు కూడా ఒక ఆవరణే, అక్కడా డిలీట్ చెయ్యరాదు. డంపింగ్ యార్డులో చెయ్యవచ్చు గానీ యార్డు ఇంకా నోటిఫై కాలేదు, ఎందుకంటే మా వార్డులో వద్దంటే మా వార్డులో వద్దని కౌన్సిలర్లందరూ అడ్డుపడ్డారు. అందుకని నిబంధన ప్రకారం ఆఫీసు కూడా తన చెత్తను చెత్త బండికే ఇస్తోంది.

కిటికీలోంచి చూస్తే హైమావతికి ఆ బండి కనిపించింది. తూర్పు గేటు దగ్గర ఒక గుమాస్తా పోలమ్మకు హార్డ్ డిస్కు ఇచ్చాడు. బండి పాట పాడుకుంటూ ఆఫీసు చుట్టూ తిరిగి పడమటి గేటుకొచ్చింది. అక్కడ ఇంకో గుమాస్తా దాన్ని అందుకుని, సేకరించినట్టు రాసుకుని, లోపలికి పంపాడు. లోపలినుంచి అది మళ్ళీ తూర్పు గేటుకొచ్చింది. తిరిగిన ప్రతిసారీ బరువు కలుస్తోంది. ఆ వారం ఒక్క ఆఫీసు చెత్తతోనే జిల్లాలో అందరినీ మించిపోయామని, నివేదిక వెళ్తే చాలు మొదటి ర్యాంకు మనదేనని దివాకరం గారు చెప్పారు.

హైమావతి తన నెమళ్ళ సంగతి చెప్పింది. ఆయన సానుభూతిగానే విన్నారు. సేకరించిన చెత్తను తిరిగి ఇంటివారికి ఇస్తే రోగాలు ప్రబలుతాయని చట్టంలో ఉంది, ఇవ్వడానికి లేదు అన్నారు. ఆమె మొహం చూసి, పక్కనే నిలబడ్డ భీమేశ్వరరావు చిన్నగా దగ్గి, అయితే చెత్త ఏరుకునేవాళ్ళకు మినహాయింపు కలదు అన్నాడు. గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళు చెత్తలోంచి ఏదైనా ఏరుకోవచ్చు. ఏరుకున్నది ఏరుకున్నవాళ్ళదే.

"అయితే ఆ కార్డు నాకివ్వండి," అంది హైమావతి.

గంట తిరక్కుండా ఆమె ముత్యాలపేట పురపాలక సంఘంలో చెత్త ఏరుకునే మనిషిగా నమోదైంది. ఫోటో తీశారు. కార్డు మెడలో వేశారు. రక్షణ సామగ్రి లేనిదే చెత్త దగ్గరికి వెళ్ళనివ్వకూడదు కనుక రబ్బరు చేతి తొడుగులు, మూతికి గుడ్డ, మోకాళ్ళదాకా బూట్లు ఇచ్చారు. అవి తొడుక్కునే దాకా కంప్యూటరు ముందు కుర్చీ లాక్కోనివ్వలేదు. ఏరుకున్నది వేసుకోవడానికి గోనెసంచి ఇవ్వాలని ఉంది గాబట్టి, సంచికి బదులుగా పెద్ద హార్డ్ డిస్కు ఒకటి ఇచ్చి సంచి అని రాయించుకున్నారు. పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు కిటికీలోంచి ఆమెను వింతగా చూశారు. హైమావతికి సిగ్గేసింది. ప్రసూన తలపుకొచ్చింది, ఆ సిగ్గు దిగమింగుకుంది.

రబ్బరు వేళ్ళతో మౌసు కదలదు. కదిలినా ఆ కంప్యూటరు కదలదు. ఫోల్డరు తెరుచుకునేసరికి వరండాలో ఒక పిల్లాడు ఏడ్చి నిద్రపోయి మళ్ళీ లేచాడు. తెరుచుకున్నాక చూస్తే అందులో ఊరు ఊరంతా ఉంది. పేరూ ఊరూ లేని ఫైళ్ళు, ఏది ఎవరి ఇంటిదో తెలియనివి, వేలకు వేలు. ఒక్కటి తెరిచి చూడబోతే అరగంట కునుకు తీస్తోంది. ఇందులో తన నెమళ్ళను వెతకడం ఈ జన్మలో అయ్యే పని కాదని హైమావతికి అర్థమైంది. ఆమె మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, వెనక నిలబడ్డ భీమేశ్వరరావు వైపు తిరిగింది.

"ఒక మనిషి ఎంతదాకా ఏరుకోవచ్చండి?"

ఆయన పుస్తకం తిరగేశాడు. "పరిమితి చెప్పబడలేదు."

హైమావతి తొడుగులు తీసేసి అన్నిటినీ ఒక్క పట్టున పట్టింది. కట్. సంచిలో పేస్ట్. కొన్ని వాడకంలో ఉన్నామని మొండికేస్తే శనివారం అలవాటు కొద్దీ స్కిప్ కొట్టింది. సాయంత్రానికి ఊరి చెత్త మొత్తం హైమావతి చేతిసంచీలో పడింది. ఆఫీసు కంప్యూటరు తేలిగ్గా ఊపిరి తీసుకుంది. నివేదిక వెళ్ళింది. వరండాలో పిల్లలకు ఒక్కొక్కరికీ పుట్టుక దొరికింది. దివాకరం గారు గదిలోంచి బయటికొచ్చి, మీలాంటి ఏరుకునేవారు ఇంటికొకరుంటే దేశం బాగుపడునని ఆమెకు చేతులెత్తి దణ్ణం పెట్టారు.

ఇంటికొచ్చి, తన కంప్యూటరుకు ఆ డిస్కు తగిలించి, తేదీల వారీగా పేర్చి వెతికితే నెమళ్ళు దొరికాయి. ఒకటి నిండుగా ఉంది. రెండోదానికి తల మీద తురాయి లేదు, కరెంటు పోయేటప్పటికి ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. హైమావతి దాని తలకట్టు పూర్తి చేస్తుంటే గంగరాజు పక్కనే కూర్చుని దారాలు రంగులవారీగా అందించాడు. పెన్‌డ్రైవు లేదు గాబట్టి ఆ డిస్కునే మిషనుకు తగిలించింది. బుధవారమంతా మిషను ఆగకుండా నడిచింది. గుడ్డ మీద మొదటి పింఛం మెరవగానే హైమావతి కళ్ళు చెమర్చాయి. చెమర్చడమేమిటి, ఏడ్చింది. గంగరాజు చూడనట్టు లేచి టీ పెట్టాడు.

గురువారం పెళ్ళి మున్సిపల్ కల్యాణ మండపంలో జరిగింది. రాజ్యం తన బండి పక్కన నిలబడి ఇరవై ఏళ్ళుగా ఎవరెవరికి ఇడ్లీలు పెట్టిందో వాళ్ళందరూ వచ్చారు. ప్రసూన పీటల మీద కూర్చుంటే వెనక వరసల్లో ఆడవాళ్ళు లేచి నిలబడి వీపు చూశారు. ఎవరు కుట్టారని ఒకరినొకరు అడిగారు. ప్రసూన తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పి హైమావతిని వెతుక్కుంది. రాజ్యం వచ్చి, "వదినా, నా కూతురు రాణిలా ఉంది," అని చెయ్యి పట్టుకుంది. నెల రోజులకూ, రబ్బరు బూట్లకూ కలిపి హైమావతికి అది చాలు.

తాళి కట్టే వేళకు దివాకరం గారు, భీమేశ్వరరావు వచ్చారు. మండపం తమదే గాబట్టి పిలవకపోయినా మర్యాదకొచ్చారనే అందరూ అనుకున్నారు. బాజాలవాళ్ళు గట్టిమేళం అందుకున్నారు. డోళ్ళు, సన్నాయిలు కలిసి మండపం రేకులు అదరగొడుతుండగా దివాకరం గారు వేదిక పక్కన నిలబడి ఒక కాగితం తీసి చదవడం మొదలుపెట్టారు. పెదవులు కదులుతున్నాయి గానీ ఒక్క ముక్క వినబడలేదు. వధూవరులకు ఆశీర్వచనం చదువుతున్నాడు కాబోలు, పాపం మంచి మనిషే అనుకుని హైమావతి చేతిలో మిగిలిన అక్షింతలు ఆయన మీద కూడా వేసింది. ఆయన చదవడం ముగించి సభ వైపు చూసి, ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఒక నిమిషం ఆగారు. ఎవరూ ఏమీ అనలేదు. పక్కన భీమేశ్వరరావు కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

శనివారం హైమావతి తలంటుకుంది. జుట్టు విరబోసుకుని కంప్యూటరు ముందు కూర్చుని డిస్కు వైపు చూసింది. ఊరి చెత్తంతా తన ఇంట్లో ఉంది. తీసేద్దామంటే నేరం. బండికిచ్చేద్దామంటే అది మళ్ళీ ఆఫీసుకు చేరి, పసిపిల్లల పుట్టుకలు ఆపుతుంది. ఏం చెయ్యాలో తోచక కూర్చుని ఉండగా వీధి గోడ మీద సుత్తి దెబ్బలు వినపడ్డాయి.

ఇద్దరు మనుషులు ఆమె ఇంటి గోడకు బోర్డు బిగిస్తున్నారు. గంగరాజు వాళ్ళతో వాదిస్తున్నాడు. వాళ్ళు ఆయన చేతిలో కాగితం పెట్టారు. పట్టణపు చెత్త యావత్తూ ఎవరి ఆవరణయందు చేరియున్నదో ఆ ఆవరణ డంపింగ్ యార్డుగా నోటిఫై చేయబడినదని అందులో ఉంది. గురువారం కల్యాణ మండపంలో అశేష ప్రజానీకం సమక్షంలో ప్రతిపాదన చదివి వినిపించి అభ్యంతరములు కోరగా, ఏవియూ వినబడలేదని ఉంది. కింద భీమేశ్వరరావు సంతకం ఉంది. ఆ వాక్యంలో అబద్ధం ఒక్కటీ లేదు. నిజంగానే ఏవీ వినబడలేదు.

గంగరాజు మెట్ల మీద కూలబడ్డాడు. హైమావతి ముందు బోర్డు చదివింది. తరవాత మళ్ళీ చదివింది. 'నోటిఫై చేయబడిన డంపింగ్ యార్డు. నిర్మూలనాధికారము కలదు.' ఆ రెండో మాట దగ్గర ఆమె కళ్ళు ఆగాయి. నిర్మూలించే హక్కు ఊరు మొత్తం మీద ఇప్పుడు ఒక్క ఇంటికే ఉంది. ఆ ఇల్లు తనదే. అంటే ఇన్ని తిప్పలూ పడి, తను పూర్వం ప్రతి శనివారం చేసుకునే పనే ఇప్పుడు చట్టప్రకారం చేసుకోవచ్చు.

లోపలికెళ్ళి కూర్చుంది. తెరిచి ఉన్నవన్నీ మూసేసింది. కావలసినవి ఏమైనా ఉన్నాయేమోనని అలవాటుగా ఒకసారి చూసింది. నెమళ్ళు ఎప్పుడో పక్కకు చేరాయి. అన్నిటినీ ఒక్క పట్టున పట్టి డిలీట్ కొట్టింది. మొండికేసినవాటికి స్కిప్ కొట్టింది. చెత్తబుట్ట ఖాళీ చేసింది. ఇన్నాళ్ళుగా ఊరిని కాల్చుకుతిన్న చెత్త అలా ఒక్క ఊపున మాయమైపోతే ఆమెకు హాయిగా అనిపించింది. గంగరాజును లోపలికి పిలిచి, భయపడకయ్యా, బోర్డు ఉంటే ఉండనీ, మన పని మనం చేసుకుందాం అని ధైర్యం చెప్పింది.

అప్పుడు వీధిలో చెత్త బండి పాట వినిపించింది. ఒక బండి పాట కాదు, నాలుగైదు కలిసిన పాట. ఈగలు ముందుగా లోపలికి వచ్చాయి. ఆ తరవాత పోలమ్మ గుమ్మంలోకి వచ్చి, మొహమాటంగా కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"అమ్మగారూ, బోర్డు మీద ఏ రకం చెత్తో రాయలేదండి. అందుకని ఊళ్ళో నాలుగు రకాలూ ఇకనించి ఇక్కడికే పొయ్యమన్నారు. తడి చెత్త వరండాలో పొయ్యమంటారా, లోపలికి తెమ్మంటారా?"

హైమావతి జుట్టు ఇంకా ఆరలేదు.